మ్యూజిక్ సర్వర్ పొట్టలో 2 టీబీ: ఆరు నెలల తర్వాత

పాట ఆగిందంటే మా ఇంట్లో వినిపించే మాట ఒకటే: "అమ్మాయ్, నీ డబ్బా మళ్లీ మూగబోయింది."

మా అత్తయ్య. ఇంట్లో అందరికంటే ఎక్కువ పాటలు వినేది ఆవిడే. అసలది మ్యూజిక్ సర్వర్, అంటే డిస్క్ మీదున్న పాటల ఫైళ్లని చదివి వాయించే చిన్న కంప్యూటర్. సర్వర్ అనే మాట ఆవిడ నోట ఇంతవరకూ రాలేదు, రానక్కర్లేదు కూడా. ఆవిడ లెక్కలో అది డబ్బా. పొద్దున్నే టాబ్లెట్ మీద ఒక బొమ్మ నొక్కితే పాట రావాలి, అంతే.

నిజానికి డబ్బాకి ఏమీ అయ్యేది కాదు. దాని వెనక యూఎస్‌బీ తీగకి వేలాడే హార్డ్‌డిస్క్‌దే తంటా అంతా. దుమ్ము తుడిచే గుడ్డ తగిలితే చాలు, కనెక్టర్ వెంట్రుకవాసి కదిలేది, సర్వర్‌కి లైబ్రరీ మొత్తం మాయమయ్యేది. తీగ ఊడని రోజుల్లో ఇంకో తంటా. కాసేపు పనిలేకపోతే ఆ డిస్క్ నిద్రపోయేది. లేపితే పళ్లెం తిరిగి వేగం అందుకోవడానికి ఏడెనిమిది సెకన్లు. ఆ ఏడెనిమిది సెకన్లలో అత్తయ్య బొమ్మని మూడుసార్లు నొక్కేవారు. పాట మొదలవడం, ఆగడం, మళ్లీ మొదలవడం. ఇక కరెంటు పోయినప్పుడు ఒకసారి ఏకంగా ఒక ఫోల్డరే పాడైంది. ఆ డిస్క్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది, డిస్క్ మీద ఫైళ్లని సర్దే పద్ధతుల్లో అదొకటి. అందులో జర్నలింగ్, అంటే చేయబోయే మార్పుని ముందే రాసిపెట్టుకునే చిట్టా, ఉండదు. రాస్తుండగా కరెంటు పోతే ఎక్కడిదాకా రాశామో దానికే గుర్తుండదు.

అందుకని తీగ తీసేసి, కొత్త డిస్క్‌ని డబ్బా లోపలే పెట్టేశాను. ఈ రివ్యూ ఆ సర్వర్‌కీ, అందులో దూర్చిన ఎస్‌ఎస్‌డీకీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచుకునే డిస్క్) కలిపి. కంపెనీల పేర్లు రాయను. ఒక కారణం, తిట్లు కొన్ని ఉన్నాయి. రెండోది, ఎస్‌ఎస్‌డీల్లో అదే పేరు, అదే అట్టపెట్టె ఉంచి లోపల చిప్పులు మార్చేయడం కొత్తేమీ కాదు. నేను మెచ్చుకున్న సరుకే మీ చేతికి వస్తుందని నేను పూచీ పడలేను. ఏం చూసి కొనాలో చెబుతాను, ఏది కొనాలో మీ ఇష్టం.

ముందు డబ్బా సంగతి. లావుపాటి పుస్తకమంత అల్యూమినియం పెట్టె, ఫ్యాన్ లేదు, పై మూతకి ఉన్న గాడులే వేడిని బయటికి పంపిస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలున్న చిన్న ఎం.2 కార్డు (బోర్డుకే గుచ్చే పలుచటి ఎస్‌ఎస్‌డీ) మీద ఉంటుంది. పాటల కోసం 2.5 అంగుళాల సాటా డ్రైవ్ (కంప్యూటర్లలో డిస్కుల్ని తగిలించే మామూలు కనెక్షన్ పేరు సాటా) ఒకటి పట్టే చోటు ఖాళీగా వదిలి అమ్ముతారు. మాన్యువల్‌లో ఒక లైను ఉంది, దాన్ని మాత్రం కళ్లు చిట్లించుకునైనా చదవండి: డ్రైవ్ మందం 9.5 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఆ లైను చదవకుండానే నేను మొదటి ప్లాను వేశాను. ఇంట్లో వాడకుండా పడున్న పెద్ద 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్ ఉంది కదా, అదే పెట్టేద్దాం అనుకున్నా. స్కేలు పెట్టి చూస్తే 15 మిల్లీమీటర్లు. 2.5 అంగుళాలు అన్నది లోపలి పళ్లెం కొలతని బట్టి వచ్చిన పేరు, మందం సంగతి కాదు. 7 ఉంటాయి, 9.5 ఉంటాయి, ఎక్కువ కెపాసిటీవి 15 కూడా ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలైతే దాదాపు అన్నీ 7 మిల్లీమీటర్లే, కాబట్టి ఆ బెంగ లేదు.

సన్నటి హార్డ్‌డిస్క్ దొరికినా నేనైతే పెట్టను. ఈ సైజులో 2 టీబీవి చాలామటుకు ఎస్‌ఎంఆర్ రకం. ట్రాకుల్ని పెంకుల్లా ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తాయి. చదవడానికి ఇబ్బంది లేదు గానీ లైబ్రరీ మొత్తం ఒకేసారి ఎక్కించేటప్పుడు నత్తనడక. పైగా ఫ్యాన్ లేని డబ్బా కొనుక్కున్నదే నిశ్శబ్దం కోసం. అందులోకి టిక్కుటిక్కుమనేదాన్ని తెచ్చి పెట్టుకోవడం దేనికి?

ఎస్‌ఎస్‌డీ అనుకున్నాక మళ్లీ ఒక మాయ ఉంది, వేగం. పెట్టెల మీద సెకనుకి 550 ఎంబీ, 560 ఎంబీ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. సాటా తీగలో పట్టే పైహద్దు దాదాపు అదే, అందరిదీ అంతే. మనకి కావలసింది ఎంత? సీడీ నాణ్యత పాటకి సెకనుకి 176 కేబీ, అదీ కుదించకుండా. అంతకంటే చాలా పై నాణ్యతదైన 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ స్టీరియో అయినా సెకనుకి 1.15 ఎంబీ. అంటే పెట్టె మీద రాసిన వేగంలో సుమారు 480లో ఒక వంతు. పాటలకి వేగం చూసి డ్రైవ్ కొనడం, కొత్తిమీర కట్ట తేవడానికి లారీ మాట్లాడుకోవడమే.

మరి చూడాల్సిందేమిటంటే, లోపల మెమొరీ టీఎల్‌సీనా, క్యూఎల్‌సీనా అన్నది. టీఎల్‌సీ మెమొరీలోని ఒక్కో గదిలో మూడు బిట్లు పెడితే, క్యూఎల్‌సీ నాలుగు ఇరికిస్తుంది. కాష్ (ముందుగా రాసుకునే వేగమైన తాత్కాలిక జాగా) నిండాక రాత వేగం బాగా పడిపోతుంది, తట్టుకునే రాతలూ తక్కువే. దాన్ని చూసి చాలామంది మొహం తిప్పుకుంటారు. నేను మాత్రం క్యూఎల్‌సీనే తీసుకున్నాను, తెలిసే తీసుకున్నాను. పాటల డ్రైవ్‌కి రాయడం ఒక్కసారి, చదవడం వెయ్యిసార్లు. నా డ్రైవ్‌కి హామీ ఇచ్చిన రాతలు 700 టీబీకి పైనే. నేను మొదటి రోజు 1.1 టీబీ రాశాను, ఆ తర్వాత ఈ ఆరు నెలల్లో 40 జీబీ కూడా రాయలేదు. ఈ లెక్కన ఆ 700 నా మనవల మనవల కాలానికి కూడా పూర్తవదు.

ఇక విప్పడం. పది నిమిషాల పని అని మాన్యువల్ అంటుంది. నాకు నలభై నిమిషాలు పట్టింది. అందులో ఇరవై నిమిషాలు స్క్రూలు ఎక్కడున్నాయో వెతకడానికే. కింద నాలుగు రబ్బరు కాళ్లు ఉన్నాయి, స్క్రూలు వాటి అడుగున దాక్కున్నాయి. కాళ్లు జిగురుతో అతికించినవి, ఒకసారి పీకితే మళ్లీ సరిగ్గా అంటుకోవు. డ్రైవ్ పెట్టుకోండి అని చోటిచ్చి, దారికి జిగురు పూయడం ఎవరి తెలివో. నా డబ్బా ఇప్పుడు మూడు కాళ్ల మీద నిలబడుతోంది. నాలుగోది టీపాయ్ సొరుగులో ఉంది.

లోపల మాత్రం శుభ్రంగా ఉంది, ఆ మెప్పు ఇవ్వాలి. సాటా డేటాకి, పవర్‌కి కలిపి ఒకే కనెక్టర్, ఎల్ ఆకారపు గాడి వల్ల తిరగేసి పెట్టడం కుదరదు. తీగ మాత్రం మరీ పొట్టి. డ్రైవ్‌ని ముందు తీగకి తగిలించి తర్వాత గూట్లో కూర్చోబెట్టాలి, వరస మారితే వేళ్లు దూరవు. డ్రైవ్‌తో స్క్రూలు రాలేదు. సర్వర్ పెట్టెలో ఒక చిన్న కవరులో నాలుగు ఎం3 స్క్రూలు ఇచ్చారు, కొన్న రోజున ఆ కవరు పారేయకుండా ఉంచినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. ఇంట్లో ఉన్న ఏదో స్క్రూ బిగిద్దాం అనుకోకండి, పొడుగు ఎక్కువైతే డ్రైవ్ లోపలికి దిగబడుతుంది. పని మొదలెట్టేముందు ప్లగ్గు పీకేసి, ఏదైనా లోహాన్ని ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది.

మా ఆయన పక్కన నిలబడి టార్చి పట్టారు. "నీకు తెలుసా, వారంటీ పోతుందేమో" అన్నారు మూత తీశాక. మూత తీయకముందు అనొచ్చు కదా. పోదు లెండి, ఎలా పెట్టాలో మాన్యువలే చెబుతోంది.

మూత బిగించి, డబ్బా ఆన్ చేసి, దాని సెట్టింగ్స్ పేజీ తెరిచాను. ఈ రివ్యూలో గట్టిగా చెప్పాల్సిన మాట ఇక్కడుంది. పేజీలో రెండు వరసలు కనిపించాయి. డిస్క్ 1, 1.8 టీబీ. డిస్క్ 2, 1.8 టీబీ. రెండింటి పక్కనా ఒకేలాంటి ఎర్ర బటన్: ఫార్మాట్.

ఒకటి ఖాళీ ఎస్‌ఎస్‌డీ. ఇంకొకటి వెనక ఇంకా వేలాడుతున్న పాత యూఎస్‌బీ డిస్క్, పదేళ్లుగా పోగేసిన పాటలన్నీ అందులోనే. రెండూ 2 టీబీవే. కంపెనీలు వెయ్యితో గుణించి 2 అంటాయి, ఈ పేజీ 1024తో భాగించి 1.8 అంటోంది, కాబట్టి సైజు చూసి గుర్తుపట్టే దారి లేదు. పేరు లేదు, మోడల్ నంబరు లేదు, లోపలిదో బయటిదో చెప్పే ముక్క లేదు. నేను కుర్చీలోంచి లేచి, సర్వర్ ఆపి, యూఎస్‌బీ తీగ పీకి పక్క గదిలో పెట్టి వచ్చాను. మళ్లీ ఆన్ చేస్తే ఒకే వరస. అప్పుడు నొక్కాను. మీ సర్వర్ ఏ కంపెనీదైనా సరే, ఆ బటన్ నొక్కేముందు పాటలున్న డిస్క్ దానికి తగిలించి ఉండకూడదు. సర్వర్‌కి నేను కోసిన మార్కుల్లో సగం ఈ పేజీకే.

ఫార్మాట్ అర నిమిషంలో అయిపోయింది. ఇప్పుడది ఎక్స్‌టీ4, జర్నలింగ్ ఉంటుంది. నెట్‌వర్క్‌లో ఒక ఫోల్డర్‌లా కనిపించింది. పాత డిస్క్‌ని లాప్‌టాప్‌కి తగిలించి కాపీ మొదలెట్టాను. వైఫై జోలికి పోకుండా తెలివిగా నెట్‌వర్క్ తీగే వాడాను. మిగిలిన సమయం 28 గంటలు అంది. వేగం సెకనుకి 11 ఎంబీ. ఆ 11 చూడగానే అనుమానం రావాలి, ఎందుకంటే అది 100 మెగాబిట్ నెట్‌వర్క్ ముద్ర. గిగాబిట్‌కి తీగలో నాలుగు జతలూ పనిచేయాలి, 100కి రెండు జతలు చాలు. నా తీగ తలుపు కింద నలిగి ఎప్పుడో ఒక జత తెగినట్టుంది, ఎవరికీ చెప్పకుండా 100కి దిగిపోయి పనిచేస్తోంది. ఇంకో తీగ వేస్తే సెకనుకి 85 ఎంబీ. నాలుగు గంటల లోపే అయిపోయింది. ఇన్నేళ్లూ అది అలాగే ఉందన్నమాట, పాటలకి 11 కూడా ఎక్కువే కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి పాట మొదలైంది. నొక్కీ నొక్కగానే. అత్తయ్య రెండోసారి నొక్కడానికి ఎత్తిన వేలు గాల్లోనే ఆగింది. ఆరు నెలలుగా నాకు బాగా నచ్చిన క్షణం అదే.

ఏడున్నరకి పిలిచారు. "అమ్మాయ్, నా పాటలు తొమ్మిది తగ్గాయి."

ఆవిడకి 62 పాటల లిస్టు ఉంది, ఏ పాట తర్వాత ఏది వస్తుందో కంఠతా వచ్చు. నేను కొట్టిపారేయబోయాను. తీరా లెక్క చూస్తే పాత డిస్క్‌లో 23,418 ఫైళ్లు, కొత్తదాంట్లో 23,371. నలభై ఏడు లేవు. కాపీ మధ్యలో ఏదో హెచ్చరిక వచ్చింది, నేను అన్నీ దాటెయ్యి అని నొక్కి నిద్రపోయాను. తప్పు నాదే. కానీ ఏవి దాటేసిందో ఒక జాబితా రాసి పెట్టి ఉంటే దాని సొమ్మేం పోయేది?

ఆ 47 పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్కటి తప్ప మిగతావాటికి ఒకటే పోలిక. అన్నీ తెలుగు పేర్లు, అన్నీ పొడుగు. నాకో పాత అలవాటు. ఫైలు పేరులోనే పల్లవి మొదటి పాదం, రాగం, తాళం, పాడినవారు, కచేరీ వివరం అన్నీ రాసేయడం. ఎక్స్‌ఫ్యాట్‌లో పేరుకి 255 గుర్తులు పడతాయి. ఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు కాబట్టి వాళ్లకి రెండూ ఒకటే. తెలుగుకి యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ప్రతి గుర్తుకీ మూడు బైట్లు. గుణింతానికి వేరే, పొల్లుకి వేరే. "స్త్రీ" అని కంటికి ఒక్క అక్షరం, లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిసి ఆరు గుర్తులు, 18 బైట్లు. అంటే తెలుగు పేరుకి దక్కేది 85 గుర్తులే. ఒత్తులున్న పేరైతే పది మాటలు కూడా పట్టవు.

లోపలి స్టోరేజీ గురించి నేను చదివిన ఏ రివ్యూలోనూ ఈ ముక్క లేదు, ఎలా ఉంటుంది? రాసేవాళ్లెవరికీ ఎదురవదు. మీ పాటల పేర్లు తెలుగులో ఉంటే కాపీకి ముందే పొడుగువి ఏరి కుదించుకోండి. ఆ వివరాలన్నీ ఫైలు పేరులో కాదు, ఫైలు లోపల పాట వివరాల కోసం ఉండే ట్యాగుల్లో పెట్టుకోవాలి. ఫ్లాక్ ఫైళ్ల (నాణ్యత పోకుండా కుదించిన పాటల) ట్యాగులు యూటీఎఫ్-8లోనే ఉంటాయి, ఈ 255 గొడవ అక్కడ లేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని 46 పేర్లు కుదించి ఎక్కించాను, లిస్టులోనూ ఆ కొత్త పేర్లే పెట్టాను.

అయినా, ఆ మిగిలిన ఒక్కటి కాక, లిస్టులో ఇంకో రెండు పాటలు రాలేదు. ఫైళ్లు కళ్లముందే ఉన్నాయి, పేర్లు అచ్చుగుద్దినట్టు ఒకటే, సర్వర్ మాత్రం లేవంటుంది. రెండు పేర్లలోనూ ఐత్వం ఉంది. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్ గుర్తులిచ్చే పద్ధతి) ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: మొత్తం ఒకే గుర్తుగా, లేదా ఎత్వం ఒకటి, కింది తోక ఒకటి విడివిడిగా. తెర మీద తేడా తెలియదు. లిస్టు ఒక కంప్యూటర్లో తయారైంది, ఫైలు పేరు ఇంకోదాంట్లో. బైట్లు పోల్చి చూసే సర్వర్‌కి అవి రెండు వేరు వేరు పేర్లు. కొత్త లిస్టులో ఆ రెండూ మళ్లీ చేర్చాను, అయిపోయింది. ఒక ఐత్వం నన్ను ఒక సాయంత్రం ఏడిపిస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఇంకో చిన్న నష్టం. ఫైళ్ల చోటు మారింది కాబట్టి సర్వర్ వాటన్నిటినీ కొత్తవే అనుకుంది. "కొత్తగా చేర్చినవి" అన్న పేజీలో మొత్తం లైబ్రరీ వచ్చి కూర్చుంది. ఏ పాట ఎప్పుడు చేరిందో అన్న చరిత్ర పోయింది. మొదలుపెట్టేముందు సర్వర్ డేటాబేస్‌ని బ్యాకప్ తీసి, పాత చోటుని తొలగించకుండా నిలిపి ఉంచి, కొత్తది చూపిస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైళ్లని గుర్తుపడతాయి. నేను ఉత్సాహంలో పాతది ముందే తొలగించేశాను.

ఇక అందరూ అడిగేది: సౌండ్ మారిందా? మారలేదు. బాసు లోతు పెరిగిందని, గొంతు దగ్గరికి వచ్చిందని రాసేవాళ్లని చదివాను. పాట ముక్కలు ముక్కలుగా మెమొరీలోకి వచ్చి అక్కడినుంచి వాయిస్తుంది, అవి పళ్లెం మీంచి వచ్చినా చిప్పులోంచి వచ్చినా అవే సున్నాలూ ఒకట్లూ. మా ఆయన మొదటి రోజు "క్లియర్‌గా ఉంది" అన్నారు. అప్పటికింకా పాత డిస్కే మోగుతోంది.

వేడి సంగతి: పాటలు మోగుతుండగా ఇదివరకు డబ్బా 41 డిగ్రీలు చూపించేది, ఇప్పుడు 43. పట్టించుకోనక్కర్లేదు. ఈ ఆరు నెలల్లో కరెంటు చాలాసార్లు పోయింది, ఒక్క ఫైలూ పాడవలేదు. తుడిచే గుడ్డకి తగలడానికి వెనక ఏమీ లేదు.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. లోపల పెట్టాం కదా అని పాత డిస్క్‌ని చెరిపి వేరే పనికి వాడకండి. డబ్బాలో ఉన్నది ఒక్క కాపీయే. నేను పాతదాన్ని బీరువాలో పెట్టాను, కొత్త పాటలు చేరినప్పుడల్లా తీసి కలుపుతాను. ఈ పనికి హార్డ్‌డిస్కే నయం. ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ల తరబడి పడేస్తే గదుల్లోని ఛార్జ్ మెల్లగా కారిపోతుంది.

ఎస్‌ఎస్‌డీకి 5కి 4.5. ఆ అర మార్కు స్క్రూలు ఇవ్వనందుకు. సర్వర్‌కి 3. పాట వాయించడంలో వంక లేదు, కానీ ఆ ఎర్ర బటన్ల పేజీ, ఆ జిగురు కాళ్లు తలుచుకుంటే 3 కూడా నా మంచితనమే. మళ్లీ చేస్తావా అంటే చేస్తాను. అసలు కొన్న రోజునే చేసి ఉండాల్సింది.

లెక్కలో ఇంకొక్కటి మిగిలింది. 47లో 46 దొరికాయి, ఒకటి రాలేదు. దాని పేరు పొట్టిదే. ఆ ఫైలున్న చోట పాత డిస్క్ చదవలేకపోతోంది, గరగరమని తిరిగి వదిలేస్తోంది. అది సీడీ నుంచి తీసింది కాదు, క్యాసెట్ నుంచి ఎక్కించింది, అత్తయ్య లిస్టులో 31వ పాట. క్యాసెట్ ఇంకా ఉంది. ప్లేయర్ బెల్టే సాగిపోయింది. కొత్త బెల్టుకి ఆర్డరు పెట్టాను. అందాకా 30 తర్వాత 32 మొదలైనప్పుడల్లా అత్తయ్య నావైపు ఓ చూపు చూస్తారు.